నిక్కచ్చి మనిషితో పని సాఫీగా సాగాలంటే ఏం చేయాలి?

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపేవాళ్లు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా సూపర్‌వైజర్లు, నల్గొండలో హోల్‌సేల్ షాపుల ఓనర్లు అందరూ నన్ను అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. "మా దగ్గర ఒకాయన ఉన్నాడు. మనిషి బంగారం. లెక్కలో పైసా తేడా రానియ్యడు. కానీ పని కదలదు. ప్రతిదానికీ ప్రశ్నే. కాస్త గట్టిగా అంటే రెండు రోజులు ముఖం మాడ్చుకుంటాడు. ఏం చేయమంటారు?"

ఆ మనిషిని మార్చే ఉపాయం ఇందులో దొరకదు. చాలా చోట్ల మారాల్సింది ఆ మనిషి కాదు, పని అప్పజెప్పే పద్ధతి. ఏది పైసాతో సహా పక్కాగా ఉండాలో, ఏది ఉజ్జాయింపుగా ఉన్నా సరిపోతుందో పై మనిషి చెప్పకపోతే, నిక్కచ్చి మనిషి అన్నిటినీ పక్కాగానే చేస్తాడు. ఆలస్యం పుట్టేది అక్కడే. ఆ గీత గీయాల్సింది మీరు. కింద చెప్పేదంతా ఆ గీత ఎలా గీయాలి, గీశాక ఎలా నిలబెట్టాలి అన్నదే. మీ కింద ఐదుగురి నుంచి ముప్పై మంది దాకా పనిచేస్తూ, విడిగా హెచ్‌ఆర్ విభాగం అంటూ ఏమీ లేకపోతే ఇది మీకు బాగా పనికొస్తుంది.

ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదివే మనిషి. నోటిమాట మీద పని మొదలుపెట్టడానికి ఇష్టపడని మనిషి. "మొన్న ఇలా చెప్పారు కదా సార్, ఇవాళ అలా అంటున్నారు" అని తేదీతో సహా గుర్తుచేసే మనిషి. మీటింగులో పెద్దగా మాట్లాడరు. అందరూ వెళ్లిపోయాక మీ టేబుల్ దగ్గరికొచ్చి అసలు లోపం చెబుతారు. మూడేళ్ల కిందటి బిల్లు ఏ ఫైల్లో ఉందో వాళ్లకే తెలుసు. పక్కవాళ్లు వెనకాల "చాదస్తం" అంటుంటారు.

సిద్ధాంతం అవసరమైనంత వరకే చెబుతాను. మనుషులను నాలుగు రకాలుగా చూసే పద్ధతి ఒకటి ట్రైనింగుల్లో వింటుంటాం, దాని పేరు డిస్క్. అందులో ఇలాంటివాళ్లను 'సి' రకం అంటారు. దానికి మూలమైన ఆలోచన విలియం మార్‌స్టన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1928లో రాశాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే పరీక్షలు ఆయన తయారుచేసినవి కావు, తర్వాత వేరేవాళ్లు చేసినవి. మనస్తత్వ పరిశోధకులు ఎక్కువగా నమ్మేది ఐదు లక్షణాల పద్ధతిని. అందులో శ్రద్ధ, క్రమశిక్షణ కలిసిన గుణం ఒకటి. బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఏ రకం ఉద్యోగంలోనైనా పనితనంతో నిలకడగా ముడిపడి కనిపించే గుణం ఇదేనని తేల్చారు. అంటే మీరు విసుక్కుంటున్న ఆ గుణమే మీకు లాభం తెస్తున్నది. పది నిమిషాల ఆన్‌లైన్ పరీక్ష పెట్టి మనిషి మీద ముద్ర కొట్టకండి. ఆ ముద్రను బట్టి ఉద్యోగం ఇవ్వడం, ప్రమోషన్ ఆపడం అసలే వద్దు.

కావాల్సినవి

- ఒక నోట్‌బుక్, మీ కోసం మాత్రమే. ఆఫీసులో పడేయకండి.
- ఆ మనిషి గత నెలలో చేసిన పని నమూనాలు: బిల్లులు, రిజిస్టర్లు, రిపోర్టులు, ఏవైనా సరే.
- మీ వ్యాపారంలో తప్పు జరిగితే డబ్బు, లైసెన్సు, ప్రాణం, పరువు పోయే చోట్ల జాబితా. ఇది మీరే రాయాలి, వేరేవాళ్లకు అప్పజెప్పకండి.
- ఫోన్ పక్కన పెట్టి ఆ మనిషితో కూర్చోవడానికి ఒక గంట.
- రెండు మూడు నెలల ఓపిక. వారంలో ఫలితం కావాలంటే ఇది మొదలుపెట్టకండి. సగంలో ఆపితే ఆ మనిషి మిమ్మల్ని మళ్లీ నమ్మడం కష్టం.

1. వారం రోజులు ఏమీ అనకుండా గమనించండి

బయటికి ఒకేలా కనిపించే ముగ్గురు ఉంటారు. ముందు వాళ్లను వేరుచేయాలి. ముగ్గురూ నెమ్మదిగానే చేస్తారు, ముగ్గురూ ప్రశ్నలు అడుగుతారు. తేడా ప్రశ్నలోనే ఉంటుంది.

నిక్కచ్చి మనిషి ప్రశ్న పని గురించి ఉంటుంది: "ఈ పార్టీ జీఎస్టీ నంబరు పాత బిల్లులో ఒకలా, కొత్త బిల్లులో ఒకలా ఉంది, ఏది సరైంది?"

భయపడుతున్న మనిషి ప్రశ్న నింద గురించి ఉంటుంది: "మీరు చెప్తేనే చేశానని రాసిస్తారా సార్?"

పని రాని మనిషి అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతాడు. నిన్న చెప్పిన జవాబు ఇవాళ గుర్తుండదు.

నోట్‌బుక్‌లో ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టు రాయండి. వారం చివర చదివితే ఎవరెవరో తెలిసిపోతుంది. మూడో రకానికి కావాల్సింది ట్రైనింగ్. వాళ్లకు ఈ పద్ధతంతా దండగ. రెండో రకం విషయంలో కాస్త ఆగి ఆలోచించండి. ఆ భయం చాలాసార్లు పాత యజమాని దగ్గర పుట్టినది, ఒక్కోసారి మీ దగ్గరే పుట్టినది. అలాంటివాళ్లతో ఆరో అడుగు, ఏడో అడుగు ముందు మొదలుపెట్టండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

జాగ్రత్త: గమనిస్తున్నట్టు తెలియనివ్వకండి. పక్కన నిలబడి రాసుకుంటే నిక్కచ్చి మనిషి కూడా భయపడే మనిషి అయిపోతాడు.

2. పనిని మూడు కుప్పలు చేయండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ఆ మనిషితో కూర్చుని, అతను లేదా ఆమె చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయించండి. తర్వాత ఒక్కోదాని పక్కన మూడింట్లో ఒకటి రాయండి: పక్కా, సరిపోయేంత, ఉజ్జాయింపు.

పక్కా అంటే తేడా వస్తే ఊరుకోరు. రెండుసార్లు చూడాలి, ఎంత సమయం పట్టినా పర్వాలేదు. సరిపోయేంత అంటే ఒకసారి చూసి పంపేయాలి. చిన్న తేడా తర్వాత దిద్దుకోవచ్చు. ఉజ్జాయింపు అంటే అంచనా చాలు, చూసుకుంటూ కూర్చోవద్దు.

ఊళ్లో ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని తీసుకోండి. మహిళా సంఘం వాళ్లు నడిపే కేంద్రాల్లో ఏ రోజు చూసినా పది రకాల పనులు. ధాన్యం తేమ 17 శాతం దాటిందా లేదా అన్నది పక్కా. కాంటా మీద 40 కిలోల బస్తా తూకం పక్కా. రైతు బ్యాంకు ఖాతా నంబరు, పట్టాదారు పాసుబుక్ వివరాలు పక్కా. అందులో ఒక్క అంకె తప్పితే ఆ రైతు డబ్బులు ఆగిపోతాయి, ఆ ఇంటి మీద అప్పు వడ్డీ పెరుగుతుంది. ట్రక్ షీట్‌లో, అంటే లారీతో పంపే ధాన్యం వివరాల కాగితంలో, బస్తాల లెక్క కూడా పక్కా. రేపటికి ఎన్ని గోనె సంచులు కావాలి అన్నది ఉజ్జాయింపు. పది ఎక్కువ తెప్పించుకుంటే మునిగేదేమీ లేదు. ఎంతమంది హమాలీలు వస్తారన్నదీ ఉజ్జాయింపే. టార్పాలిన్ల రిజిస్టర్ సరిపోయేంత.

మిల్లులో అయితే, ప్రభుత్వం ఇచ్చిన ధాన్యానికి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం లెక్క పక్కా. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. అందులో ఉజ్జాయింపు అన్న మాటే ఉండకూడదు. ఊక ఎన్ని ట్రాక్టర్లు అవుతుందన్నది అంచనాగా చెప్తే చాలు.

ఫార్మాలో ఈ విభజన కాస్త వేరు. ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసే బ్యాచ్ రికార్డులో ఉజ్జాయింపు కుప్ప అనేదే లేదు. పని చేసిన క్షణంలోనే ఎంట్రీ పడాలి, చేసినవాళ్లే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టాలి. వైట్‌నర్ ముట్టకూడదు. అందుకే ఫార్మా సూపర్‌వైజర్లకు నేను చెప్పేది ఒక్కటే: రికార్డు విషయంలో ఆ మనిషిని తొందరపెట్టకండి. ఆడిట్ రోజున మిమ్మల్ని కాపాడేది అతని నెమ్మదే. వేగం కావాలంటే రికార్డు బయట చూడండి. షిఫ్ట్ మెయిల్‌లో భాష, వారపు ప్రెజెంటేషన్‌లో రంగులు, సెలవుల చార్టు లాంటివాటికి అతను గంటలు పెడుతున్నాడేమో చూడండి. కోత పెట్టాల్సింది అక్కడ.

మూడు కుప్పలు తేలాక ఆ కాగితం మీద మీరు సంతకం చేసి ఆ మనిషికివ్వండి. సంతకం ముఖ్యం. "ఉజ్జాయింపు చాలు" అని మీరు నోటితో అంటే నిక్కచ్చి మనిషి నమ్మడు, రేపు తేడా వస్తే తననే అంటారని అతనికి తెలుసు. కాగితం మీద ఉంటే ధైర్యంగా వదిలేస్తాడు.

జాగ్రత్త: అన్నిటి పక్కనా "పక్కా" అని రాస్తే ఈ అడుగు వేయనట్టే. చాలామంది యజమానులు చేసేది అదే. మూడో కుప్పలో నాలుగైదు పనులైనా రాకపోతే మళ్లీ కూర్చోండి.

3. పని చెప్పేటప్పుడు ఐదు సంగతులు చెప్పండి

ఎందుకు కావాలి, పూర్తయిందంటే ఎలా ఉండాలి, ఎప్పటికి కావాలి, అనుమానం వస్తే ఎవరిని అడగాలి, ఏది అవసరం లేదు. ఐదోది అందరూ మర్చిపోతారు. నిక్కచ్చి మనిషికి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది అదే.

"స్టాక్ రిపోర్ట్ తొందరగా చేసెయ్" అంటే అతనికి ఏమీ చెప్పనట్టే. ఇలా చెప్పండి: "గురువారం నాలుగింటికి బ్యాంకు మేనేజర్‌ను కలవాలి, లోన్ రెన్యూవల్ కోసం. గోదాంలో ఉన్న సరుకు విలువ ఒక పేజీలో కావాలి. బస్తాల సంఖ్య పక్కాగా ఉండాలి, రేటు మాత్రం నిన్నటి మార్కెట్ రేటు వేసెయ్. రకాల వారీగా విడగొట్టొద్దు. డౌట్ ఉంటే గోదాం ఇన్‌ఛార్జిని అడుగు." చెప్పి, అదే వాట్సాప్‌లో పంపండి.

మొదట్లోనే అన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తారని విసుగొస్తుందేమో. పోచంపల్లిలో నూలుకు చిటికి కట్టేవాళ్లను, అంటే డిజైన్ కోసం రంగు వేసే ముందే నూలుకు ముడులు వేసేవాళ్లను చూడండి. ముడి ఒక్క అంగుళం పక్కకు పడినా ఆ తప్పు రంగులో ముంచేటప్పుడు తెలియదు, మగ్గం మీద నేసేటప్పుడు డిజైన్ చెదిరి బయటపడుతుంది. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు. నిక్కచ్చి మనిషి ప్రశ్నలన్నీ ముడి కట్టే దగ్గరే ఉంటాయి. ఆ ఇరవై నిమిషాలు ఇచ్చేయండి.

జాగ్రత్త: చెప్పాక మధ్యలో మార్చాల్సి వస్తే కారణం చెప్పండి. "ఊరికే, అలా అనిపించింది" అంటే ఆ రోజు పని మీద అతని మనసు నిలవదు. "బ్యాంకువాళ్లు ఫార్మాట్ మార్చారు" అంటే పది నిమిషాల్లో సర్దుకుంటాడు.

4. ప్రశ్నలకు ఒక వేళ పెట్టండి

రోజూ ఒకటే సమయం, పదిహేను నిమిషాలు. పొద్దున చాయ్ అయ్యాక పెట్టుకుంటే చాలా చోట్ల కుదురుతుంది. ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని రమ్మనండి. ప్రతి ప్రశ్న పక్కన "నా ఉద్దేశం ఇది" అని అతని జవాబు కూడా రాయమనండి. మొదటి వారం ఇది ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత మీరు చేసేది చాలావరకు "అవును, అదే చెయ్" అనడమే. అలా నెల గడిస్తే ఆ ప్రశ్నల్లో సగం మీ దగ్గరికి రావడం మానేస్తాయి.

ఆగకూడనివి ఏవో ముందే చెప్పండి: లారీ గేటు దగ్గర ఆగిపోయింది, మెషిన్ ఆగింది, డబ్బు తేడా వచ్చింది, ఎవరికైనా దెబ్బ తగిలింది. వీటికి వెంటనే ఫోన్.

మీరు ఎప్పుడూ బయట తిరిగే మనిషైతే, సాయంత్రం వాయిస్ మెసేజ్ పెట్టమని చెప్పి, రాత్రి పడుకునే లోపు జవాబివ్వండి. ఏ పద్ధతైనా సరే, మీరు వరసగా నాలుగు రోజులు ఎగ్గొడితే అతను మళ్లీ గంటకోసారి మీ టేబుల్ దగ్గరికి వస్తాడు. అప్పుడు అతన్ని అనకండి.

5. గడువును రెండు ముక్కలు చేయండి

నిక్కచ్చి మనిషికి ఆఖరి తేదీ ఒక్కటే ఇస్తే, ఆ తేదీ అర్ధరాత్రి దాకా సరిచూస్తూనే ఉంటాడు. అందుకే చిత్తు ప్రతికి ఒక తేదీ, ఫైనల్‌కు ఒక తేదీ పెట్టండి.

నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే రిటర్ను జీఎస్‌టీఆర్-3బి గడువు 20వ తేదీ. మీ అకౌంటెంట్ 10వ తేదీ రాత్రి కూడా బిల్లులు టిక్ పెట్టుకుంటూ కూర్చుంటే, 6వ తేదీకి చిత్తు మీ చేతిలో ఉండాలని చెప్పండి. "ఖాళీలు ఉన్నా పర్వాలేదు, ఎక్కడ ఖాళీ ఉందో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి ఇవ్వు" అనండి. అసంపూర్తి కాగితం ఇవ్వడం అతనికి చాలా కష్టం. మొదటిసారి ఇచ్చినప్పుడు అందులో తప్పులు ఎత్తిచూపారంటే రెండోసారి ఇవ్వడు. ఖాళీలు ఎలా నింపాలన్నది ఒక్కటే మాట్లాడండి.

ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. రెండుసార్లు చూడటం, రెండోసారి మార్చిన ఎంట్రీలు మాత్రమే చూడటం, తర్వాత సబ్మిట్. మూడోసారి చూడాలనిపిస్తే మిమ్మల్ని అడిగి చూడాలి.

చిల్లర ఖర్చుల డబ్బా గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని మీదే ఎక్కువ పూటలు పోతాయి. పన్నెండు రూపాయల తేడా కోసం సగం రోజు వెతికే మనుషులున్నారు. ఒక పరిమితి రాసివ్వండి: ఇంతలోపు తేడా ఉంటే "తేడా" అని రాసి మూసేయాలి. కానీ ఒక షరతు పెట్టండి. అదే చిన్న తేడా రోజూ వస్తుంటే ఆపి వెతకాలి. రోజూ ఒకే వైపు వచ్చే చిన్న తేడా వెనక చెడిపోయిన కాంటా ఉండొచ్చు, చెయ్యివాటం ఉన్న మనిషి ఉండొచ్చు. దాన్ని పట్టేది నిక్కచ్చి మనిషే. ఈ పరిమితి చిల్లర డబ్బాకే. పన్ను లెక్కలకు, బ్యాంకు లెక్కలకు పెట్టకండి.

6. తప్పు చేసినప్పుడు, బాగా చేసినప్పుడు

తప్పు చేస్తే విడిగా పిలిచి, ఏం జరిగిందో రెండు మాటల్లో చెప్పండి. అంతకుముందు రాత్రే అతను తనను తాను తిట్టుకుని ఉంటాడు. మీరు చేయాల్సింది మిగిలిన ఒక్క ప్రశ్న అడగడం: "ఏ దగ్గర జారింది?" హమాలీల ముందు, డ్రైవర్ల ముందు, ఇంటావిడ క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఎప్పుడూ అందరిలో అనకండి. "నువ్వు కూడా తప్పు చేస్తావా?" అని నవ్వుతూ అనడం తిట్టినదానికన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

మెచ్చుకునేటప్పుడు "సూపర్", "ఇరగదీశావ్" లాంటి మాటలు వీళ్లకు తగలవు. ఏం బాగుందో చెప్పాలి. "నిన్న ట్రక్ షీట్‌లో నాలుగు బస్తాల తేడా లోడింగ్ దగ్గరే పట్టుకున్నావ్. లారీ కదిలాక తెలిసుంటే ఆ లెక్క మన మీద పడేది." ఇది వాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

7. లోపం చెప్పినప్పుడు మీరెలా ఉంటారు?

నా అనుభవంలో ఎక్కువమంది పై అధికారులు చెడగొట్టుకునేది ఇక్కడే. నిక్కచ్చి మనిషి మీ దగ్గరికి చెడ్డ వార్తే తెస్తాడు, అతని పని అదే. లెక్కలో తేడా ఉంది, సరుకు నాసిగా వచ్చింది, ఫలానా ఎంట్రీ వెనక తేదీతో వేశారు. మీ ముఖం చిట్లిందంటే రెండోసారి చెప్పడు. అతను చెప్పడం మానేశాక మీకు ప్రశాంతంగా ఉంటుంది. లోపాలు తగ్గిపోయాయనుకుంటారు. నిజానికి కనిపించడం మానేస్తాయి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఊళ్లో అందరూ ఎవరికో ఒకరికి బాబాయో, బామ్మర్దో, మేనమామో అవుతారు. కొనుగోలు కేంద్రంలో మాయిశ్చర్ మీటర్ పట్టుకున్న అమ్మాయి 19 శాతం చూపిస్తున్నదని, ఇంకో ఎండ ఆరబెట్టుకురమ్మని అంటుంది. ఆ రైతు సర్పంచి చుట్టమో, మీ చుట్టమో. మబ్బు పట్టి ఉంది, ధాన్యం తడుస్తుందన్న భయం ఆయనది, అదీ నిజమే. "ఏం బిడ్డా, మమ్మల్నే ఆపుతవా?" అని లొల్లి మొదలవుతుంది. అప్పుడు మీరు "కొంచెం అడ్జస్ట్ చెయ్యమ్మా" అన్నారనుకోండి, ఆ అమ్మాయి ఇక ఎవరినీ ఆపలేదు. రేపు మిల్లు దగ్గర తరుగు కోస్తే తిట్లు తినేది కూడా ఆమే. అక్కడ మీరు అనాల్సిన మాట: "పెద్దయ్యా, ఆమె చెప్పేది నా మాటే. ఆరబోయడానికి జాగ నేను చూపిస్తా, టార్పాలిన్ ఇస్తా. తేమ దిగంగనే మీదే ముందు కాంటా." నియమం మీది అని పైకి చెప్పాలి, రైతుకు దారి కూడా చూపాలి. అలా చేస్తేనే నిక్కచ్చిగా ఉండే మనిషికి ఊళ్లో "శంక మనిషి" అన్న పేరు పడదు.

అతను చెప్పిన లోపం తప్పని తేలినా సరే, "చూసి చెప్పావ్, మంచిది" అనే ముగించండి. ఏం తేలిందో మర్నాడు చెప్పండి. తాను చెప్పింది ఏమైందో తెలియకపోవడం వీళ్లను లోపల తినేస్తుంది.

8. చురుకైన మనిషిని జత చేయండి, కానీ బరువు చూసుకోండి

వేగంగా చేసే మనిషి మొదటి ప్రతి రాయాలి, నిక్కచ్చి మనిషి సరిచూడాలి. ఈ జోడీ బాగా నడుస్తుంది. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: దొరికిన తప్పును దిద్దాల్సింది చేసినవాళ్లే. నిక్కచ్చి మనిషి గుర్తుపెట్టి వెనక్కి పంపాలి. లేకపోతే మూడు నెలల్లో ఆఫీసంతా అజాగ్రత్తగా చేసి అతని టేబుల్ మీద పడేస్తారు, అతను రాత్రి తొమ్మిదింటి దాకా అందరి పనీ దిద్దుతూ కూర్చుంటాడు.

అతను "ఎక్కువైంది" అని చెప్పడు. మీరే అడగాలి. "పని ఎక్కువైందా?" అని అడగకండి, "లేదు సార్" అంటాడు. "ఈ వారం ఏది పక్కన పెడదాం?" అని అడగండి. యాసంగి, వానాకాలం కొనుగోళ్ల సీజన్లో, మార్చి ఆఖర్లో వారం వారం అడగండి. సీజన్ అయ్యాక సెలవు అతను అడిగే లోపే మీరే ఇచ్చి పంపండి.

ఇన్‌ఛార్జిని చేయాలనుకుంటే తొందరపడొద్దు. పని బాగా చేస్తాడని పైకి ఎక్కిస్తే, కింది పదిమంది పనీ తనే మళ్లీ చేసుకునే ప్రమాదం ఉంది. ముందు ఒక్కరిని అప్పజెప్పి రెండు నెలలు చూడండి. మనుషులను నడపడం ఇష్టం లేదంటే, అదే సీట్లో జీతం పెంచండి. అందుకు తగ్గ విలువ ఆ సీటుకు ఉంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

నిక్కచ్చిగా ఉంటాడు కదా అని అందరి మీదా కాపలా పెట్టడం. హాజరు ఎవరు ఆలస్యం, ఫోన్ ఎవరు ఎక్కువ చూస్తున్నారు అని అతనితో రిపోర్టు రాయిస్తే, తోటివాళ్లు అతన్ని మీ గూఢచారి అనుకుంటారు. లెక్క చూడటం అతని పని, మనుషులను చూడటం మీ పని.

పనిముట్లు ఇవ్వకుండా పక్కాగా కావాలనడం. మీటర్‌కు ఏళ్ల తరబడి క్యాలిబ్రేషన్ లేదు, కాంటా కొట్టుకుంటుంది, కంప్యూటర్ ప్రతి గంటకూ ఆగిపోతుంది. అయినా అంకెలు తప్పొద్దు అంటారు. ఇలాంటి చోట నిక్కచ్చి మనిషి అందరికన్నా ముందు ఉద్యోగం మానేస్తాడు.

అప్పటికప్పుడు అభిప్రాయం అడగడం. మీటింగులో "నువ్వేమంటావ్?" అంటే "చూసి చెప్తా సార్" అంటాడు. దాన్ని చేతకానితనం అనుకుంటారు. ముందురోజు కాగితం ఇచ్చి మర్నాడు అడగండి, తేడా మీకే కనిపిస్తుంది.

తాళాలు, పాస్‌వర్డులు, సంతకాలు అన్నీ ఆ ఒక్కరికే ఇవ్వడం. నమ్మకం ఉన్నా సరే, రెండో మనిషి ఉండాలి. అతనికి జ్వరం వచ్చిన రోజు మీ పని ఆగకూడదు, ఏదైనా పోయిన రోజు అనుమానం అతని ఒక్కడి మీద పడకూడదు.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి?

నెల తర్వాత మొదటి వారం నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకోండి. ప్రశ్నలు తగ్గాయా అన్నదానికన్నా, ప్రశ్నల తీరు మారిందా చూడండి. "ఇది ఎలా చేయాలి?" అన్నవి పోయి "ఇలా చేస్తున్నా, సరేనా?" అన్నవి వస్తే పద్ధతి పట్టుకున్నట్టే.

రెండో నెలలో చిత్తు ప్రతులు చెప్పిన తేదీకి వస్తున్నాయా చూడండి. ఉజ్జాయింపు కుప్పలోని పనికి ఎంత సమయం పెడుతున్నాడో అడగండి. ఇంకా గంటలు పెడుతుంటే అతను మీ సంతకాన్ని నమ్మలేదన్నమాట. ఆ కుప్పలో ఏదో ఒకదానికి మీరు ఈమధ్య అతన్ని అని ఉంటారు, గుర్తుచేసుకోండి.

లోపాలు మీ దగ్గరికి వస్తున్నాయా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. మొదటి రెండు నెలలు అవి పెరగాలి. పెరగకపోతే అతను ఇంకా దాస్తున్నాడు, ఏడో అడుగు దగ్గరికి తిరిగి వెళ్లండి. సెలవు పెట్టి ఊరెళ్లినప్పుడు ఆఫీసుకు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో కూడా గమనించండి.

ఒక్క సంగతిని మాత్రం స్వభావం అని వదిలేయకండి. ఇంటికి వెళ్లాక కూడా తాళం వేశానా, అంకె సరిగా రాశానా అని మళ్లీ మళ్లీ చూసుకోవడం, అందుకోసం రాత్రి వెనక్కి రావడం, నిద్ర పట్టకపోవడం, ఆపాలన్నా ఆపుకోలేకపోవడం కనిపిస్తే అది పనితీరు సమస్య కాదు. అందుకు వైద్యం ఉంది, తగ్గుతుంది. విడిగా, గౌరవంగా మాట్లాడి డాక్టర్‌ను కలవమనండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వెళ్లి రావడానికి సెలవివ్వండి, ఎందుకన్నది ఆఫీసులో ఎవరికీ చెప్పకండి.

మూడు నెలలైనా ఏమీ మారకపోతే సీటు మార్చి చూడండి. నిమిషానికో కస్టమర్ వచ్చే కౌంటర్ నుంచి తీసి కొనుగోలు బిల్లులు, స్టాక్, నాణ్యత తనిఖీ, ఆడిట్ ఫైళ్లు లాంటివి ఇవ్వండి. మార్చేటప్పుడు అది శిక్ష కాదని, జీతం తగ్గదని ముందే చెప్పి, కొత్త సీటుకు కూడా మూడు కుప్పల కాగితం మొదటి రోజే రాసి సంతకం పెట్టి ఇవ్వండి.